ఆమేన్ అన్న అంగీకారపత్రం

నేను రాసిన వచనానికి నా ఆయుష్షులో ఒక్కసారే జనం ‘ఆమేన్’ అన్నారు. ఆ సంగతి చెవినబడ్డ రోజున కలిగిన సంతోషాన్ని ఇప్పటికీ పూర్తిగా కడుక్కోలేకపోతున్నాను. ఈ నాలుగు పుటలూ అందుకే.

బందరులో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠం చెప్పి విశ్రాంతి పొందినవాణ్ణి. విశ్రాంతి అన్నది నా విషయంలో ఉత్తర్వుల మీది మాటే. కూర్చుంటే కాళ్ళు లాగుతాయి. వరండాలో ఈ కొసనుండి ఆ కొసకు తిరుగుతూ తప్ప ఒక్క వాక్యమైనా కట్టలేను. గచ్చు మీద నా అడుగులు పడి అరిగిన చాలు ఒకటి ఉన్నది. వచ్చినవాళ్ళకు మా ఇంటావిడ దాన్ని చూపించి, “ఈయన రాసిన పుస్తకాలన్నిటికంటే ఇదే లోతుగా ఉంటుందండీ” అంటుంది.

రెండేళ్ళ కిందట ఒక ఉదయం ఆ చాలులోకే అడుగుపెట్టింది గుడివాడ నుండి వచ్చిన ఒక డాక్టరమ్మ. ఒకప్పుడు నా దగ్గర ఇంటర్మీడియట్ చదువుకున్న పిల్ల. ఇప్పుడు ఆమెకే అరవై దాటాయి. పమిడిముక్కల వైపు పల్లెలో తండ్రి సంఘకాపరి. ఈమె పిల్లల వైద్యం చదివి, గుడివాడలోనే ఉండిపోయి, ఆ చుట్టుపక్కల ఎవరింట పసిపిల్లకు జ్వరం వచ్చినా మొదట తలచుకొనే మనిషి అయింది.

“మాస్టారూ, మిమ్మల్ని ఒక కమిటీలో వెయ్యడానికి వచ్చాను.”

“ఏ హోదాలో అమ్మా?”

“సామాన్య సభ్యుడిగా.”

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

“కోపం తెచ్చుకోకండి. రూలండీ. ఇలాంటి పరిశోధన జరిగేచోట డాక్టర్లూ, ఒక లాయరూ కాక, ఏ శాస్త్రమూ తెలియని మనిషి ఒకరుండాలి. కాగితాలు మామూలు జనానికి అర్థమవుతాయో లేదో చూసి చెప్పడానికి.”

“అయితే సరైన ఇంటికే వచ్చావమ్మా” అన్నది లోపలి గొంతు.

ఆ తరువాత ఆమె అసలు పని చెప్పింది. తరతరాలుగా దిగివచ్చే రాత ఒకటి ప్రతి దేహంలోనూ ఉంటుందట. ఏ ఇద్దరిలోనూ అది అచ్చంగా ఒక్కటి కాదట. ఆ తేడాల్లో చాలావరకు ఏ అపాయమూ లేనివి. కొన్ని మాత్రం పిల్లల ప్రాణం మీదికి తెస్తాయి. నెలనెలా రక్తం ఎక్కించుకుంటే తప్ప లేచి తిరగలేని పిల్లలు మా డెల్టా పల్లెల్లో ఉన్నారు. ఆ జబ్బును తలసీమియా అంటారు. ఆ తేడాలు ఏ కుటుంబాల్లో ఎలా నడుస్తున్నాయో తెలుసుకోవడానికి బందరులోనూ గుడివాడలోనూ దివిసీమలోనూ మూడు బృందాలు రక్తం సేకరించాయి, ఇంకా సేకరిస్తున్నాయి. చిక్కు అక్కడే వచ్చింది. బందరువారు మనిషికొక అంకె వేశారు. గుడివాడవారు ఇంటిపేరుతో రాసుకున్నారు. దివిసీమలో చర్చిల ద్వారా సేకరించారు గనుక సంఘాలవారీగా కట్టలు కట్టారు. గుడివాడలో కూతురై రక్తమిచ్చిన మనిషే దివిసీమలో కోడలై మళ్ళీ ఇచ్చేది. పుస్తకాల్లో ఒక్క మనిషి ఇద్దరయ్యేది.

“ఈ మూడింటినీ ఒకచోట చేర్చి, సరిచూసి, పేర్లు బయటపడకుండా దేశంలో ఏ పరిశోధకులకు కావలసినా అందించే కేంద్రం ఒకటి పెట్టాలి మాస్టారూ. రక్తం తియ్యడానికి డబ్బులిచ్చేవాళ్ళున్నారు. మిషన్లు కొనిపెట్టేవాళ్ళున్నారు. కలిపి సరిచూస్తాం, దానికివ్వండి అంటే మాత్రం ‘అది గుమాస్తా పని గదండీ’ అంటారు. ఇప్పటికి ఒక సంస్థ వింటానంది.”

గుమాస్తా పని అన్న మాట నాకు సూటిగా తగిలింది. మూడు ఊళ్ళనుండి తెచ్చిన తాటాకు ప్రతులను పక్కపక్కన పరచి, అక్షరమక్షరమూ సరిచూడటంలో నా యౌవనం గడిచింది. ఆ పనికి ఎవరూ దమ్మిడీ విదల్చలేదు సరిగదా, విదల్చవలసిన పని అని కూడా అనుకోలేదు. ఆ కేంద్రం నాకు అప్పుడే నాదయిపోయింది. సరేనన్నాను.

ఆమె నా చేతిలో పెట్టినది ఒకే ఒక కాగితం. రక్తమిచ్చేవారు సంతకం చెయ్యవలసిన అంగీకారపత్రం. ఇంగ్లీషునుండి ఎవరో తెలుగు చేసిపెట్టారు. చదివితే తెలుగు మీద జాలి కలిగేది. ఒక వాక్యంలో కర్త ఎక్కడో, క్రియ ఎక్కడో వేరుకాపురాలు పెట్టాయి. “దీన్ని దిద్దడం కాదమ్మా, మళ్ళీ రాయాలి” అన్నాను. ఎవరూ అడగని పని అది. చదివి అర్థమవుతుందో లేదో చెప్పమన్నారంతే.

పదకొండు రోజులు వరండాలో తిరిగాను. తిరిగి తిరిగి, పత్రాన్ని పోతపోశాను. అందులో ఒక వాక్యం ఇది: ‘మా దేహమందలి రక్తబిందువులయందు నిక్షిప్తమైయున్న వంశలక్షణములను, మా నామధేయములు వెల్లడి గాకుండునట్లుగా, సర్వజనుల క్షేమార్థమై విద్వాంసుల పరిశీలనకు అర్పించుచున్నాము.’ దాని తరువాతిది: ‘ఇందువలన మాకై ప్రత్యేకముగా ఏ ఫలితమును ఆశింపము.’ అంటే, మీ రక్తం చూసి మీకు రిపోర్టు ఏమీ ఇవ్వరు అని. ఆ చిన్న వాక్యం తూకం కుదిరిందని ఆ పూట రెండుసార్లు కాఫీ అడిగాను.

కమిటీ కూర్చున్న రోజున నేనే చదివాను. లాయరుగారు కళ్ళు మూసుకుని విన్నారు. ముగిసిన తరువాత, “మళ్ళీ ఇలాంటి తెలుగు వింటామనుకోలేదండీ” అన్నారు. ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ప్రశ్న లేకపోవడాన్ని నేను మెచ్చుకోలుగా జమకట్టుకున్నాను.

నెలలు గడిచాయి. ఒకనాడు డాక్టరమ్మ ఫోను చేసింది. దివిసీమలో ఆదివారం ఆరాధన ముగిశాక, పాస్టరుగారి అనుమతితో నర్సు ఒకామె పత్రాన్ని చదివి వినిపిస్తున్నదట. ఆ నర్సు చిన్ననాటినుండి సండేస్కూల్లో వాక్యం చదివి అలవాటున్న మనిషి. గొంతు గంట మోగినట్టుంటుందట. “జనం లేచి నిలబడి విన్నారట మాస్టారూ. చివర్న అందరూ ఆమేన్ అన్నారట. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారట. వద్దన్నవాళ్ళు ఒక్కరు లేరు!”

ఆ రోజు వరండా నాకు చాలలేదు. కోనేరు సెంటరుదాకా నడిచివెళ్ళి, కొనవలసినదేదీ లేక వెనక్కు వచ్చాను.

నిధులిచ్చే సంస్థకు ఆ ‘ఆమేన్’ సంగతి కూడా చేరింది. వారు సంతోషించి, ఇక ఒక్క కాగితం పంపమన్నారు: రక్తమిచ్చినవారంతా విషయం గ్రహించే ఒప్పుకున్నారని కమిటీ ధ్రువీకరించాలి. అందులో సామాన్య సభ్యుడి సంతకం తప్పనిసరి. సంతకానికి కాగితం మా ఇంటికే పంపిస్తానన్నది డాక్టరమ్మ. నేను, “ఒక్కసారి కళ్ళారా చూసి పెడతానమ్మా” అన్నాను. దాన్ని ఆమె నా నిష్ఠ అనుకున్నది. నిజం చెప్పాలంటే, నా మాటలు విని కళ్ళు తుడుచుకున్న మనుషులను చూడాలని ఉబలాటం.

బందరులో బస్సెక్కితే చల్లపల్లి దాటేదాకా కిటికీ పక్కన, ఆ తరువాత తలుపు పక్కన, కుదురు లేక రెండు సీట్లు మారాను. అవనిగడ్డలో నర్సు కలిసింది. అక్కడినుండి నాగాయలంక దారిలో ఆటో. చెరువుగట్టు మీదుగా ఒక పల్లెలోకి తీసుకువెళ్ళింది. ఒక ఇంటి ముందు, నీలం పట్టా మీద ఎండుచేపలు ఏరుతున్న ఒకావిడ మమ్మల్ని చూసి గబగబా లేచింది. యాభై దాటిన మనిషి. చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

“రిపోర్టు తెచ్చారా సిస్టరు?”

నర్సు నా వైపు చూసింది. “ఈయన మాస్టారు. కమిటీలో ఉంటారు.”

“అయితే ఈయన తెచ్చారా?”

పొగడ్త విందామని వచ్చినవాణ్ణి. నా చేతుల్లో గొడుగు తప్ప ఏమీ లేదని అప్పుడే గమనించాను.

“ఏ రిపోర్టమ్మా?”

“అదేనండి, చర్చిలో రక్తం ఇచ్చాంగదా. మా మనవడికి నాలుగేళ్ళండి. నెలకోపాలి రక్తం ఎక్కించాలి. ఇప్పుడు మా పిల్లకి మళ్ళీ నెల తప్పింది. నాలుగో నెల. కడుపులో బిడ్డకి కూడా అదే ఉందేమో ఉమ్మనీరు తీసి చూస్తాం రమ్మన్నారండి బెజవాడ పెద్దాసుపత్రిలో. ఇక్కడ ఇచ్చేశాంగదా, అందులోనే తెలిసిపోద్దిగదా అని ఆగాం.”

“ఎంతకాలంగా ఆగారు?”

“నెల దాటిందండి.”

నర్సు వేళ్ళమీద వారాలు లెక్కపెట్టింది. నాకు శాస్త్రం తెలియకపోయినా, అలాంటి పరీక్షకు గడువుంటుందని కమిటీలో విన్నాను. అయిదో నెల దాటితే చెయ్యగలిగింది తక్కువని డాక్టరమ్మే చెప్పింది.

“అమ్మా, ఆ రక్తం వేరు. అందులో మీ అమ్మాయి సంగతి చూడరు. చూసినా మీకు చెప్పరు.”

“ఎందుకు చెప్పరండీ? అంత ప్రార్థన చేసి తీసుకున్నారు!”

“అది ప్రార్థన కాదమ్మా. ఒప్పందం కాగితం.”

“కాగితమైతే మాత్రం?” అన్నది ఆవిడ, పసివాడికి చెప్పినట్టు. “మాకేమీ వద్దు, ఏ ఫలితమూ ఆశించం అని మా చేత అనిపించారుగదండీ. ఆశించం అంటేనేగదండీ ఆ ప్రభువు ఇచ్చేది. నాకియ్యి నాకియ్యి అని చెయ్యి చాపినోళ్ళకి ఎవరిస్తారు?”

ఆవిడ విన్నది తప్పుగా వినలేదు. నేను రాసిన రాగంలో వినవలసినట్టే విన్నది.

“అమ్మా, ఆ మాటలు రాసింది నేనే. నేను చెబుతున్నాను, వినండి. రిపోర్టు రాదు.”

ఆవిడ నన్ను తలనుండి చెప్పుల దాకా చూసింది. “తమరా? ఊరుకోండి బాబూ! అది రాసినాయన ఇట్టా ఎండన పడి ఆటోలో వస్తాడా?”

నర్సు సాక్ష్యం చెప్పింది. ఆవిడ ఆమెను కూడా నమ్మలేదు. “నువ్వు ఊరుకో సిస్టరు, పెద్దాయన సరదాకంటున్నాడు.”

ఋజువు చేసి తీరాలన్న ఆత్రంలో నేను చేసినది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ వాకిట్లో నిలబడి, ‘మా దేహమందలి రక్తబిందువులయందు’ అని మొదలుపెట్టి, ‘ఆశింపము’ దాకా, కాగితం చూడకుండా, ఏ విరుపు దగ్గర ఆగాలో అక్కడ ఆగుతూ చెప్పాను. రెండో పదానికే ఆవిడ కొంగు తలమీదికి లాక్కున్నది. కళ్ళు మూసుకున్నది. నేను ముగించగానే, “ఆమేన్” అన్నది. పక్కన నర్సు కూడా అలవాటు కొద్దీ అనేసి, నాలుక కరుచుకున్నది.

“ఇప్పుడు నమ్మానండి తమరేనని” అన్నది ఆవిడ కళ్ళు తెరిచి. “ఇంకేం, రిపోర్టు వచ్చుద్ది.”

ఎండుచేపల మీద కాకి వాలితే తోలే దిక్కు లేదు. నేను ఆ పట్టా చుట్టూ తిరుగుతున్నాను. అప్పుడు లోపలినుండి కూతురు వచ్చింది. ఇంటర్ అయ్యాక డిగ్రీ మధ్యలో మానేసిన పిల్ల అని నర్సు దారిలో చెప్పింది. మా మాటలన్నీ విన్నట్టున్నది.

“ఏవండీ, అసలు రిపోర్టు వచ్చుద్దా రాదా? ఒక్క ముక్క చెప్పండి.”

“రాదమ్మా.”

“రాదా?”

“రాదు.”

పదకొండు రోజులు తిరిగి నేను కట్టలేని వాక్యం అది. రెండక్షరాలు.

“ఆ ముక్క ముందే రాయొచ్చుగదండీ?”

“రాశానమ్మా.” నర్సు సంచిలోనుండి పత్రం తీయించి, చోటు చూపించాను. ఆ పిల్ల వేలు పెట్టి రెండుసార్లు చదివింది.

“ఇది మా వైపు నుంచి ఉందండీ. మేం ఆశించం అని. మీరు ఇవ్వరని ఎక్కడుంది?”

నేను ఆ కాగితాన్ని మళ్ళీ తీసుకుని చూశాను. ఎక్కడా లేదు.

అక్కడినుండే డాక్టరమ్మకు ఫోను చేశాను. ఆమె అంతా విన్నది. తరువాత నన్ను ఏమీ అనకుండా, “ఆ అమ్మాయికివ్వండి” అన్నది. వారం, నెల, ముందటి కాగితాలు, అన్నీ అడిగి తెలుసుకున్నది. మర్నాడు ఉదయమే బెజవాడ రమ్మన్నది, తానూ వస్తానన్నది. తల్లి మాత్రం కదల్లేదు. “అక్కడికెళ్తే ఇక్కడ ఇచ్చింది నమ్మనట్టేగదే” అన్నది.

“నువ్వు నమ్ముకుంటా కూర్చోవే అమ్మా. నేను వెళ్తాను” అన్నది కూతురు.

నేను ఇంటికి వెళ్ళలేదు. అవనిగడ్డలో బస్సెక్కి, పామర్రులో మారి, గుడివాడలో దిగాను. ఆమె ఆసుపత్రి వెనక, ఒకప్పుడు ఎక్స్‌రేలు తీసిన గదిలో, రాబోయే కేంద్రం ఉన్నది. రెండు బీరువాలు, ఒక కంప్యూటరు, గోడకు మూడు ఊళ్ళ పటం. బల్లమీద నేను సంతకం చెయ్యవలసిన కాగితం. గడువు ఇంకా నాలుగు రోజులు.

“రేపు ఆ అమ్మాయి పని నేను దగ్గరుండి చూస్తాను” అన్నది ఆమె. “అది వేరు మాస్టారూ, ఇది వేరు. ఒక్క కుటుంబం పొరబడింది. మిగతావాళ్ళందరికీ అర్థమయ్యే ఉండొచ్చు.”

“నీకు అర్థమైందా అమ్మా?”

ఆమె కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టింది.

“మీ క్లాసులో నేను ఎప్పుడైనా డౌటు అడిగానా?”

“లేదు. బుద్ధిగా వినేదానివి.”

“అర్థమై కాదండీ, భయపడి. ఇదీ అంతే. మూడుసార్లు చదివాను. ఎంత బాగుందో అనుకున్నాను. లోపల ఏముందో మాత్రం ఇంగ్లీషు కాగితంలో చూసుకున్నాను.”

నవ్వవలసిన మాటే. ఇద్దరమూ నవ్వలేదు. నేను ఆ చిన్న గదిలో తిరగబోయి బీరువాకు భుజం కొట్టుకున్నాను.

“కూర్చోండి మాస్టారూ, దణ్ణం పెడతాను” అన్నది ఆమె, గొంతు హెచ్చించి. “మీరు సంతకం పెట్టకపోతే ఏమవుతుందో చెప్పనా? అందరి దగ్గరికీ మళ్ళీ వెళ్ళాలి. వీళ్ళు ఆగరు, డబ్బు ఇంకెవరికో ఇస్తారు. మూడు ఊళ్ళ రక్తం మూడు ఊళ్ళలోనే ఉండిపోతుంది. ఇవాళ మీరు చూసిన పిల్లలాంటి వాళ్ళ కోసమేనండీ ఇదంతా! మీ తెలుగు మూలంగా ఆగిపోవాలా?”

ఆమె అన్నదాంట్లో అన్యాయమైన మాట ఒక్కటీ లేదు. ఆ కేంద్రం రావాలని ఆమెకంటే నేనేమీ తక్కువ కోరుకోవడం లేదు. కలం తీశాను కూడా. ‘విషయమును సంపూర్ణముగా గ్రహించి’ అని ఉన్నది ఆ ధ్రువపత్రంలో. ఆ వాక్యమూ నేను దిద్దినదే. కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకున్న ఆవిడ ముఖం దాని మీద ఆడింది. కలం మూతపెట్టి జేబులో పెట్టుకున్నాను. ఉన్న కాగితం పక్కకు జరిపి, వేరొక తెల్ల కాగితం మీద, జరిగినది జరిగినట్టు, ఆరు వాక్యాల్లో రాశాను. నా జీవితంలో నిలబడకుండా, నడవకుండా, కూర్చుని రాసినది అదొక్కటే.

ఆమె దాన్ని చదివింది. కాఫీ కూడా ఇవ్వలేదు. గుమ్మందాకా రాలేదు. అప్పటికి నాకు తెలియనిది ఏమిటంటే, ఆ సాయంత్రమే ఆ కాగితం కింద తానూ సంతకం చేసి, నిధులిచ్చేవారికి తన చేత్తోనే పంపించింది.

వారి జవాబు వచ్చేదాకా గడిచిన రోజులను ఎలా వర్ణించాలో తెలియదు. ఫోను మోగితే ఉలికిపాటు, మోగకపోతే మరింత. బెజవాడలో ఏమైందో డాక్టరమ్మను అడగకూడదు. ఒకరి వైద్యం సంగతి ఇంకొకరికి చెప్పరాదన్నది మా కమిటీ మొదటి నియమం. వారం తరువాత ఆ పిల్లే ఫోను చేసింది.

“పరీక్ష టయానికి అయిందండీ. రిపోర్టు మా చేతికే ఇచ్చారు.”

అంతకుమించి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఈనాటికీ నాకు తెలియదు. తెలిసినా ఇక్కడ రాయను.

“ఇంకో సంగతండీ,” అన్నది, “ఆ కాగితం మళ్ళీ రాస్తన్నారంటగదా, సిస్టరు చెప్పింది. రాస్తే నాకు చదవండి ఓసారి.”

డెబ్బై నాలుగేళ్ళ వయసులో నాకు పరిష్కర్త దొరికింది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోనులో వినిపించేవాణ్ణి. ‘మీ రక్తంద్వారా వెల్లడయ్యే వివరాలు’ అంటే, “ఎవరికి వెల్లడవుద్దో అది ముందు చెప్పండి” అనేది. “దేశంలో ఎక్కడెక్కడి డాక్టర్లకో, పరిశోధకులకో అమ్మా.” “అట్టాగే రాయండి మరి. ఎక్కడెక్కడో అని.” ఒక్కొక్క సమాసం ఊడుతుంటే పన్ను పీకినట్టుండేది. ఒకనాడు ఉండబట్టలేక, “మరీ బోసిగా ఉందే” అన్నాను. “ఇది అర్థం కావాల్సింది మా అమ్మకి గానీ మీకు కాదుగదండీ” అన్నది. మా ఇంటావిడ స్పీకరులో విని, ఆ పిల్లను ఒకసారి ఇంటికి పిలవమన్నది.

కొత్త పత్రంలో మొదటి రెండు వాక్యాలూ ఆ పిల్ల చెప్పినవే: ‘ఈ రక్తం చూసి మేము మీకు రిపోర్టు ఇవ్వము. ఆసుపత్రిలో చెయ్యించుకోవలసిన పరీక్ష దీనికోసం మానవద్దు.’

జవాబు వచ్చింది. నిధులు ఈసారికి లేవు. అందరినీ మళ్ళీ అడిగి, కొత్త సమ్మతులతో మరుసటి ఏడు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇస్తామని లేదు, ఇవ్వమనీ లేదు. డాక్టరమ్మ ఆ ఉత్తరం చదివి వినిపించి, “రేపటినుంచి వెళ్దామా మాస్టారూ?” అన్నది. అంతే. ఆమె ఇంకా నన్ను క్షమించలేదని నాకు తెలుసు. కానీ నడక నేర్చినవాడు కావాలి గదా పల్లెలు తిరగడానికి.

ఇప్పుడు చర్చిలో చదవడం లేదు. ఎవరినీ నిలబెట్టడం లేదు. ఇంటికి వెళ్ళి, కూర్చుని చదవాలి. చదివిన తరువాత, ‘మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి’ అని అడగాలి. ముదినేపల్లి దగ్గరనుండి దివిసీమ దాకా ఎన్నో అరుగులమీద కూర్చున్నాను. కూర్చోవడం ఇంకా అలవాటు కాలేదు.

ఆ ఎండుచేపల ఇంటికి చివరికి గాని వెళ్ళలేకపోయాను. ఆవిడ నన్ను చూసి కుర్చీ వేసింది. కూతురు గుమ్మంలో కూర్చున్నది. నర్సు చదివింది. ఆవిడ కొంగు భుజం మీదే ఉన్నది. కళ్ళు తెరిచే ఉన్నాయి. మధ్యలో రెండుసార్లు ఆపి, “అంటే?” అన్నది.

“మీకేం అర్థమైందో చెప్పండమ్మా” అన్నాను.

“అర్థమవటానికేముందండీ. మా రక్తం దాచుకుంటారు. పేరు చెప్పకుండా ఎవరెవరికో చూపిస్తారు. మాకు మాత్రం ఏమీ చెప్పరు. ఇప్పుడు కాకపోయినా ఎప్పుడో ఎవరి పిల్లలకో పనికొచ్చుద్ది. అంతేనా?”

“అంతేనమ్మా.” దాన్ని అంత బాగా నేను చెప్పలేను.

“అయితే నాది వద్దండి. తీసెయ్యండి.”

కూతురు తల్లిని చూసి, నన్ను చూసి, “నాది ఉంచండి. అమ్మది కొట్టెయ్యండి” అన్నది.

“అది దానిష్టం” అన్నది తల్లి.

పాత పుస్తకంలో ఆవిడ పేరున్న చోట గీత కొట్టించి, పక్కన ‘వద్దన్నారు’ అని రాయించి, సంతకం చెయ్యమన్నాను. ఆవిడ పకపకా నవ్వింది. “వద్దన్నదానికి గూడా సంతకమా అండీ!” చేసింది. తీరిగ్గా, అక్షరాలు దిద్దినట్టు. ఆ మూడు ఊళ్ళ పుస్తకాల్లోనూ అప్పటికి వద్దన్నవారు ఒక్కరూ లేరు. డాక్టరమ్మ ఇప్పుడు రాస్తున్న కొత్త దరఖాస్తులో ఆ సంతకాన్ని ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తున్నది. ముందే పెడదామని నేనంటున్నాను. తేలలేదు.

లేస్తుంటే ఆవిడ ఎండుచేపల పొట్లం ఒకటి తెచ్చి, మా ఇంట అవి వండరని కూతురు గుర్తు చేస్తే లోపలికి తీసుకుపోయి, రెండు కొబ్బరికాయలు తెచ్చి ఇచ్చింది.

“ఈ కాగితం బాగానే ఉందిగానండీ,” అన్నది, “వినటానికి అది బాగుండేది. ఆ పాత మాటలు ఓసారి చెప్పండి, వింటాను.”

“మరిచిపోయానమ్మా” అన్నాను.

అబద్ధం. అవనిగడ్డ చేరేదాకా ఆటోలోనూ, పులిగడ్డ దాటేదాకా బస్సులోనూ, ఒడిలో కొబ్బరికాయలు దొర్లుతుంటే, ఆ వాక్యం విరుపుతో సహా నాలో తిరుగుతూనే ఉన్నది. చల్లపల్లిలో లేచి, సీటు మారి కూర్చున్నాను.